ఊరు లోయలో, స్టేషన్ కొండ మీద: అమ్మతో డెంట్‌లో నాలుగు రోజులు

శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి "శ్రీకాకుళం ఏదీ?" అని చుట్టూ చూసే కొత్త చుట్టాల్ని చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని. స్టేషనేమో ఆముదాలవలసలో ఉంటుంది, టౌనుకి రావాలంటే మళ్లీ ఆటోనో బస్సో ఎక్కాలి. అందుకేనేమో, ఇంగ్లండ్‌లో లీడ్స్ నుంచి కార్లైల్ వెళ్లే లైన్లో డెంట్ అని ఒక స్టేషన్ ఉందనీ, అది డెంట్ ఊరికి ఆరేడు కిలోమీటర్ల అవతల, ఊరికన్నా ఆరువందల అడుగుల పైన కొండ మీద ఉందనీ తెలిసినప్పుడు సొంతూరి కబురు విన్నట్టయింది.

అమ్మ మూడు నెలలు ఉండటానికి వచ్చింది. లండన్ చూసింది, యార్క్ చూసింది, లీడ్స్‌లో ఉన్న షాపులన్నీ చూసింది. "ఎంతసేపూ ఈ బజార్లేనా, ఒక్క పల్లెటూరు చూపించవే" అంది. సరే అని జూన్ చివరి వారంలో శుక్రవారం, సోమవారం సెలవు పెట్టాను. మా ఆయనకి పని ఉండి రాలేదు. ఇక్కడి డ్రైవింగ్ టెస్టు నేను రెండుసార్లు తప్పాను కాబట్టి కారు సంగతి ఎత్తొద్దు. రైలే.

శుక్రవారం

పులిహోర డబ్బా, చిన్న రైస్ కుక్కర్, ఒక కవర్లో పత్తి. పత్తి ఎందుకమ్మా అంటే "ఖాళీగా కూచుంటే వత్తులు చేసుకోవచ్చు కదా" అంది. నేనేం మాట్లాడలేదు.

స్కిప్టన్ దాటేదాకా మామూలు ప్రయాణమే. సెటిల్ దాటాక కొండలు దగ్గరికొచ్చాయి. చెట్లు పోయి ఒట్టి గడ్డి, గడ్డి మీద గొర్రెలు, గొర్రెల మధ్య రాళ్లు పేర్చిన గోడలు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి అంతే, అలాగే కొండ నెత్తి దాకా ఎక్కిపోతాయి. ఈ లైను గురించి అమ్మకి ముందే ఊరించి పెట్టాను, రిబ్బల్‌హెడ్ దగ్గర 24 కమాన్ల వంతెన వస్తుంది, వంద అడుగుల ఎత్తు, 400 మీటర్ల పొడవు, చూడాలి నువ్వు అని. తీరా అది వచ్చినప్పుడు అమ్మ కిటికీకి ముక్కు ఆనించి "ఏదే వంతెన?" అంది. మనం దాని మీదే ఉన్నామమ్మా. వంతెన మీదున్నవాడికి వంతెన కనపడదు, ఈ సంగతి నాకూ అప్పుడే తట్టింది. లోయలో కారాపుకుని నిలబడినవాళ్లు మా రైలుకి ఫోటోలు తీసుకుంటున్నారు, వాళ్లదే అదృష్టం.

1870 నుంచి 1874 దాకా కట్టారు దాన్ని. ఆ చిత్తడి నేలలో, ఆ గాలిలో, చుట్టూ గుడిసెలు వేసుకుని పెళ్లాం పిల్లలతో సహా వేలమంది కూలీలు బతికారు. పనిలో ప్రమాదాలకి కొందరు, మశూచికి కొందరు పోయారు, అంతా కలిపి వందమందికి పైనే. పక్కనున్న చాపెల్‌-లీ-డేల్ అనే చోట చిన్న చర్చి శ్మశానం చాలక పక్కకి పెంచాల్సి వచ్చిందట. అమ్మకి ఇది చెప్తుండగానే సొరంగం వచ్చింది, రెండు కిలోమీటర్ల పైనే ఉంటుంది, చెవులు దిబ్బళ్లు పడ్డాయి. బయటికి రాగానే డెంట్.

దిగింది మేమిద్దరం, ఇంకో నలుగురు నడకవాళ్లు. రైలు వెళ్లిపోయాక ఒక్కసారిగా చెవుల్లో ఏమీ లేకుండా పోయింది, గాలి తప్ప. టికెట్ గది లేదు, టీ కొట్టు లేదు, ఉన్న పాత స్టేషన్ భవనాన్ని బస చేసేవాళ్లకి అద్దెకిస్తున్నారు. పైన కొండవాలులో పాత స్లీపర్ చెక్కలు వరసగా పాతి ఉన్నాయి, చలికాలం మంచు కొట్టుకొచ్చి పట్టాల మీద పడకుండా అడ్డు. బోర్డు మీద రాసుంది: ఇంగ్లండ్‌లో మెయిన్ లైన్ స్టేషన్లన్నిటిలోకీ ఇదే ఎత్తైనది, 1,150 అడుగులు. అమ్మ చుట్టూ చూసింది. "ఊరేదీ?"

అచ్చం శ్రీకాకుళం రోడ్డే.

ముందే మాట్లాడుకున్న టాక్సీ రాలేదు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. ఇరవై నిమిషాలు చూశాం, నలభై నిమిషాలు చూశాం, నాకు టెన్షన్ పెరుగుతోంది, అమ్మ మాత్రం బెంచీ మీద పులిహోర డబ్బా విప్పింది. ఆఖరికి స్టేషన్ ఇంట్లో బస చేస్తున్న భార్యాభర్తలు కారు తీస్తూ మమ్మల్ని చూసి ఆగారు, ఊళ్లోకే వెళ్తున్నాం ఎక్కండి అన్నారు. స్టేషన్ నుంచి కిందికి దిగే రోడ్డు ఉంది చూశారూ, దాన్ని కోల్ రోడ్ అంటారు, పూర్వం కొండ మీద బొగ్గు తవ్వి ఇటు దించేవాళ్లు. ఘాట్ రోడ్డు కూడా కాదది, ఘాట్ రోడ్డుకి కనీసం మలుపులుంటాయి, ఇది నిచ్చెన. అమ్మ దారంతా ఆంజనేయ దండకం. ముందు సీట్లో ఆవిడకి అర్థం కాకపోయినా మధ్యమధ్యలో వెనక్కి తిరిగి నవ్వుతోంది.

బస చేసిన ఇల్లు చిన్నది, తెల్ల సున్నం గోడలు, తలుపు తీస్తే నేరుగా వీధిలోకే. రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురు పోలేదు. దీపం పెట్టే వేళ ఎప్పుడవుతుందో తెలియక అమ్మ కిటికీ దగ్గరికీ మంచం దగ్గరికీ తిరిగింది. పదింటికి దీపం పెట్టి, అన్నం తిని పడుకున్నాం.

శనివారం

డెంట్ అంటే నిజానికి ఒకటే వీధి, అదీ రెండు మలుపులు తిరిగేసరికి అయిపోతుంది. గుండ్రాళ్లు పరిచిన వీధి. రెండు పక్కలా తెల్ల ఇళ్లు, రెండు పబ్బులు, ఒక దుకాణం, మధ్యలో చర్చి. సూట్‌కేసు చక్రాలకి ఆ రాళ్లు శత్రువులు, ఎత్తుకుని మోయాల్సిందే.

ఇది ఏ జిల్లా అంటే అదో కథ. వందల ఏళ్లుగా యార్క్‌షైర్. 1974లో కంబ్రియాలో కలిపారు. 2023లో కంబ్రియా కౌన్సిల్‌నే రద్దు చేసి ఈ వైపుని వెస్ట్‌మర్లాండ్ అండ్ ఫర్నెస్ కింద పెట్టారు. పోనీ పార్కు పేరు చూద్దామా అంటే యార్క్‌షైర్ డేల్స్ నేషనల్ పార్క్! పాలకొండలో ఉన్న మా పిన్ని 2022లో ఇల్లు కదలకుండానే శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లిపోయింది, ఇప్పటికీ ఉత్తరాల మీద ఏం రాయాలో ఆవిడకి అనుమానమే. అమ్మకి ఇది చెప్తే చాలా తృప్తి పడింది, ఇక్కడ కూడా ఇంతేనా అని.

వీధి మధ్యలో పెద్ద గులాబీ రంగు రాతి బండ, చెక్కకుండా మొరటుగా వదిలేశారు, దాన్లోంచి సన్నగా నీళ్లొస్తాయి. దాని మీద ఆడమ్ సెడ్జ్‌విక్ అని పేరు. ఈ ఊరి చర్చి పాస్టరుగారి కొడుకు, 1785లో ఇక్కడే పుట్టాడు, ఊరి బళ్లో చదువు మొదలుపెట్టి కేంబ్రిడ్జిలో భూగర్భశాస్త్రం ప్రొఫెసర్ అయ్యాడు. రాళ్ల వయసు చెప్పేటప్పుడు కేంబ్రియన్ యుగం అంటారే, ఆ పేరు పెట్టింది ఈయనే. కుర్రవాడైన డార్విన్‌ని 1831లో వేల్స్ కొండల్లో వెంటేసుకుని తిప్పి రాళ్లు చదవడం నేర్పిందీ ఈయనే, తర్వాత ఆ శిష్యుడే పరిణామ సిద్ధాంతం రాస్తే ఒప్పుకోనిదీ ఈయనే. అమ్మ చేతులు కడుక్కుని నీళ్లు నెత్తిన చల్లుకుంది. గుడి కాదమ్మా అన్నాను. "చదువు చెప్పినాయన పేరు మీద నీళ్లు, తప్పేటి?"

చర్చి లోపల నేల మీద కొన్ని పలకలు నల్లగా మెరుస్తుంటాయి, వాటిని డెంట్ మార్బుల్ అంటారు. నిజానికి పాలరాయి కాదు, నునుపు పెట్టిన సున్నపురాయి, వంగి చూస్తే కోట్ల ఏళ్ల నాటి సముద్రజీవుల ముక్కలు తెల్లగా కనిపిస్తాయి. బయట గుమ్మం దగ్గర ఒక సమాధి రాయి. జార్జ్ హాడ్జ్‌సన్ అనే ముసలి రైతుది, 1715లో 94 ఏళ్ల వయసులో పోయాడు. పోయాక కూడా రాత్రిళ్లు ఊళ్లో తిరుగుతున్నాడని జనం హడలిపోయి, రక్తం తాగే దెయ్యమని, శవాన్ని తవ్వి చర్చి గుమ్మం దగ్గరికి మార్చి గుండెల్లో మేకు దిగ్గొట్టారని కథ. రాతిలో చిన్న కన్నం కూడా ఉంది, ఆ మేకుదేనట. అమ్మ దానికి భయపడలేదు, చిరాకు పడింది: "దెయ్యమని తెలిసీ గుమ్మంలోకి తెచ్చుకుంటారా ఎవరైనా? పొలిమేర దాటించాలి గానీ."

ఇక మ్యూజియం. అసలు నేనిక్కడికి రావడానికి సగం కారణం అదే. "టెరిబుల్ నిట్టర్స్ ఆఫ్ డెంట్" అని రెండు వందల ఏళ్ల నాటి మాట. అక్షరాలా చూస్తే భయంకరమైన అల్లికవాళ్లు అని. ఇంగ్లీషులో మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థం కాలేదు, అంత చెత్తగా అల్లేవాళ్లా అనుకున్నాను. అమ్మకి ఎలా చెప్పాలా అని తడుముకుంటుంటే ఆవిడే "పని రాక్షసులన్నమాట" అంది. అంతే కదా! మనం పని రాక్షసి అని తిట్టినట్టు మెచ్చుకుంటామే, అదే ఇది.

ఈ లోయలో ఆడా మగా పిల్లా జెల్లా అందరూ అల్లేవాళ్లు. మేజోళ్లు, చేతి తొడుగులు, టోపీలు. కెండల్ నుంచి వ్యాపారి ఉన్ని తెచ్చి పోసేవాడు, అల్లినవి పట్టుకెళ్లేవాడు. పశువుల్ని తోలుకుంటూ అల్లేవాళ్లు, సంతకి నడుస్తూ అల్లేవాళ్లు, ఒక చెయ్యి ఖాళీ ఉండాలి కదా అందుకు కర్రతో ఒక పనిముట్టు, జానెడు పొడవు, నడుం పట్టీలో కుడిపక్కకి దోపుకుని దాని కన్నంలో సూది చివర గుచ్చి నిలబెడతారు. ఒంటి ఊపుతోనే పని సాగుతుంది, శరీరమంతా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ కర్ర ముక్కల మీద పువ్వులు, పేర్లు, హృదయాలు చెక్కి కుర్రాళ్లు తమకి నచ్చిన పిల్లలకి ఇచ్చేవాళ్లట. అద్దాల పెట్టెలో ఉన్నాయి, చేతులు పడీ పడీ అంచులు నున్నగా అరిగిపోయాయి.

అన్నిటికన్నా నాకు నచ్చింది "సిట్టింగ్". చలికాలం సాయంత్రాలు ఇంటికొక దీపం, ఇంటికొక పొయ్యి దండగ అని అందరూ ఒకే ఇంట్లో చేరి, నిప్పు చుట్టూ కూచుని, అల్లుకుంటూ కబుర్లు, కథలు, పాటలు. పిల్లలకి అల్లిక నేర్పే బళ్లు కూడా ఉండేవి. దూరం నుంచి, లాంగ్‌డేల్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లని ఇక్కడ నేర్చుకోమని పంపితే, పెద్దదానికి ఏడెనిమిదేళ్లు, ఇల్లు బెంగపెట్టుకుని చలికాలంలో చెప్పాపెట్టకుండా బయల్దేరి అన్ని మైళ్లూ నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయారు. ముసలితనంలో ఆ పిల్ల చెప్పిన కథ రాసిపెట్టారు కాబట్టి మనకి తెలిసింది. మధ్యలో ఎవరో తిండి పెట్టి పడుకోనిచ్చారట. అమ్మ ఈ ఒక్క కథనే మూడుసార్లు చెప్పించుకుంది.

అమ్మది పొందూరు. మా అమ్మమ్మ రాట్నం వడికేది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, వెంట్రుకకన్నా సన్నటి దారం. అదీ అంతే, అరుగు మీద నలుగురు చేరేవాళ్లు, చేతులు వాటి పని అవి చేసుకునేవి, నోళ్లు వాటి పని అవి చేసుకునేవి. "మరి వీళ్లెందుకు మానేశారే?" అని అడిగింది. యంత్రాలొచ్చాయమ్మా, మిల్లులో నేసిన మేజోళ్లు చౌక, పంతొమ్మిదో శతాబ్దం అయ్యేసరికి ఇక్కడ దాదాపు ఆగిపోయింది అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించింది. "అయితే ఆ మాంచెస్టర్ మిల్లు వీళ్ల నోరు కూడా కొట్టిందన్నమాట." మేజోళ్ల యంత్రాలు మాంచెస్టర్‌వి కావు, నాటింగ్‌హామ్, లెస్టర్ వైపువి, అది చెప్పబోయి ఊరుకున్నాను.

ఒకప్పుడు ఈ వీధిలో ఇళ్లకి పై అంతస్తులో వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క వసారాలుండేవి, బయట్నుంచే మెట్లు. సెడ్జ్‌విక్ తన చిన్నతనం గురించి రాసుకున్నాడు, ఆ వసారాల్లో ఆడవాళ్లు కూచుని అల్లుకుంటూ, వడుక్కుంటూ ఎదురింటివాళ్లతో కబుర్లాడేవాళ్లని. ఆయన ముసలివాడయ్యేనాటికే అవి కనుమరుగైపోతున్నాయని బాధపడ్డాడు. ఇప్పుడు ఒక్కటి లేదు. గోడలు నిటారుగా, నున్నగా ఉన్నాయి.

సాయంత్రం మ్యూజియం మూసేశాక, చూడ్డానికొచ్చినవాళ్లు కార్లెక్కి వెళ్లిపోయాక ఊరు ఎంత ఖాళీ అయిందంటే మా చెప్పుల చప్పుడు మాకే వినిపించింది. "మనుషులేరే? అందరూ ఎల్లిపోనారా?" అంది అమ్మ. అప్పుడు గమనించడం మొదలుపెట్టాను. చాలా తలుపుల పక్కన చిన్న నల్ల డబ్బా, నంబర్లు నొక్కితే తాళంచెవి ఇచ్చేది. అంటే మాలాంటి వాళ్లు నాలుగు రోజులు అద్దెకి దిగే ఇళ్లు. మేం దిగిన దానికీ అదే డబ్బా ఉంది, కాబట్టి ఎవర్నీ ఏమీ అనే హక్కు నాకు లేదు.

అమ్మ వంటింట్లోంచి కుర్చీ తెచ్చి వీధి గుమ్మం ముందు వేసుకుని, పత్తి కవరు ఒళ్లో పెట్టుకుని వత్తులు చేయడం మొదలుపెట్టింది. నాకు సిగ్గేసింది, నిజం చెప్తున్నాను. ఐదు నిమిషాల్లో కుక్కని నడిపించుకుంటూ ఒక పెద్దావిడ వచ్చి ఆగి "ఆర్ యూ ఆల్‌రైట్, లవ్?" అంది. ఈ వైపు అది పలకరింపే, కానీ ఆవిడ మొహంలో నిజంగానే అమ్మకి ఒంట్లో బాగాలేదేమో, తాళం పోగొట్టుకుందేమో అన్న ఆదుర్దా కనిపించింది. నేను బయటికొచ్చి చెప్పాను, ఊరికే కూచుంది అని. "ఊరికేనా!" అని ఆవిడ నవ్వింది, నిలబడి వత్తులు చూసింది, దేనికని అడిగింది, దీపానికని చెప్పాను. అమ్మ ఒక వత్తి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని కోటు జేబులో జాగ్రత్తగా పెట్టుకుని కుక్కతో వెళ్లిపోయింది. అమ్మకున్న సందేహం ఒక్కటే: "లవ్ అంటుందేటే?"

రాత్రి పబ్బులో తినడానికి ఫ్రూట్ కేకు, దాని మీద వెన్స్లీడేల్ చీజ్ ముక్క ఇచ్చారు, ఇక్కడి అలవాటు. నాకు భలే నచ్చింది. అమ్మ రెండిటినీ విడదీసి, చీజ్ నాకిచ్చి కేకు తను తింది.

ఆదివారం

పొద్దున్నంతా వాన. ఏం రాయడానికీ లేదు, పప్పు చారు పెట్టుకున్నాం.

రెండింటికి తెరిపిచ్చింది. ఊరి వెనకనుంచే ఫ్లింటర్ గిల్ అనే వాగు వెంట కొండెక్కే దారి ఉంది. చెట్ల నీడ, నాచు, పక్కనే నీళ్ల చప్పుడు, కాళ్ల కింద తడి రాయి, అమ్మ చెప్పులు కాదు నా పాత బూట్లు వేసుకుంది, లోపల రెండు జతల సాక్సులు కుక్కుకుని. కొంత దూరం వెళ్లాక వాగులో వెడల్పాటి బల్లపరుపు బండలొస్తాయి, డాన్సింగ్ ఫ్లాగ్స్ అంటారు. నేసిన ఉన్ని బట్టని తడిపి ఆ బండల మీద పరిచి కాళ్లతో తొక్కేవాళ్లు, గుడ్డ దగ్గరపడి గట్టిపడటానికి. తొక్కుతుంటే చూసేవాళ్లకి డాన్సులాగే ఉండుంటుంది. మన చాకిరేవు బండలు గుర్తొచ్చాయి ఇద్దరికీ, కానీ అమ్మే ముందు అంది.

పైకెక్కాక చెట్లు అయిపోయి లోయంతా ఒక్కసారి తెరుచుకుంటుంది. కింద డీ నది, నది పక్కన పచ్చిక మడులు, మడికొక రాతి కొట్టం, ఎదురుగా కొండ, కొండ మీద చాలా ఎత్తున మేం దిగిన రైలు గీత. నేను ఫోటోలు తీస్తుంటే అమ్మ గోడ పక్కన నిలబడి గొర్రెల్ని లెక్కపెడుతోంది: "లాభం, రెండు, మూడు..." మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు కదా, లాభం అంటారు. ఇక్కడి గొర్రెల కాపరులకీ వాళ్ల లెక్క వాళ్లకుంది: యాన్, టాన్, టెదర, మెదర, పిప్. ఇంగ్లీషు అంకెలు కావవి, వేరే పాత భాషవి, లోయ మారితే పలుకు మారుతుంది. అల్లేటప్పుడు కుట్లు లెక్కపెట్టడానికీ అవే వాడేవాళ్లట. అమ్మకి నేర్పాను. పిప్ దగ్గర నవ్వాపుకోలేకపోయింది. దిగేటప్పుడు జారే ప్రతి రాయి దగ్గరా యాన్, టాన్ అనుకుంటూ దిగింది.

ఇంత అందంగా ఉంది కదా అనుకునేటప్పుడు ఒక విషయం గుర్తొస్తూనే ఉంది, చెప్పకుండా ఉండలేను. ఈ లోయలో సిల్ అనే కుటుంబం ఉండేది, జమైకాలో వాళ్లకి చెరకు తోటలు, తోటల్లో బానిసలు. 1758లో లివర్‌పూల్ పేపర్లో ఒక ప్రకటన వచ్చింది: డెంట్ నుంచి థామస్ ఆన్సన్ అనే నల్లజాతి యువకుడు పారిపోయాడు, వయసు ఇరవై పైన, పట్టి తెచ్చినవాళ్లకి ఎడ్మండ్ సిల్ మంచి బహుమానం ఇస్తాడు. తప్పిపోయిన గేదెకి ఇచ్చినట్టే ఆనవాళ్లతో సహా. పైనుంచి చూస్తే ఆ లోయలో దాక్కోవడానికి చోటే కనపడదు, అంతా పచ్చిక, అన్నీ గోడలే. ఆ కుర్రాడు ఏ రాత్రి ఏ గోడ దూకి వెళ్లాడో. అమ్మ విని కాసేపు ఆ వైపు చూసి, "దొరికుండడులే" అని కిందికి దిగడం మొదలుపెట్టింది.

సోమవారం

ఈసారి టాక్సీ వేరేవాళ్లది, చెప్పిన టైముకి పది నిమిషాలు ముందే వచ్చింది. డ్రైవరు మాటకారి. ఊరి స్టేషన్‌ని ఊరికి అంత దూరంగా ఎందుకు కట్టారండీ అని అడిగాను, జవాబు నాకు తెలుసు, అయినా ఆ ఊరి మనిషి నోట వినాలని. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "పట్టాల పక్కన ఉంటే బాగుంటుందనుకున్నారేమో" అన్నాడు. ఎంత పాత జోకైనా ఆ యార్క్‌షైర్ యాసలో వింటే కొత్తగానే ఉంది. ఆముదాలవలసలో ఎవరైనా అడిగితే ఇకనుంచి నేనూ ఇదే చెప్తాను.

దారిలో కౌగిల్ అనే చోట చిన్న చర్చి దగ్గర ఆపమన్నాను. దానికి పునాది రాయి వేసింది కూడా సెడ్జ్‌విక్కే. తర్వాతెప్పుడో ఒక పాస్టరు కౌగిల్ పేరు బాలేదని కాగితాల్లో కిర్క్‌త్వెయిట్ అని మార్చేశాడు. ఎనభై దాటిన సెడ్జ్‌విక్కి ఒళ్లు మండి 1868లో ఒక చిన్న పుస్తకమే అచ్చేయించాడు, మా ఊరి పేరు మాకివ్వండని. అది విక్టోరియా రాణి దాకా వెళ్లింది, 1869లో పార్లమెంటు చట్టం చేసి పాత పేరు తిరిగిచ్చింది. పదిహేను ఇళ్లు కూడా కనపడని చోటు పేరు కోసం పార్లమెంటు! ఆయన కోపంలో రాసిన ఆ పుస్తకంలోనే వసారాలు, అల్లికలు, సిట్టింగులు, ఊరి యాస అన్నీ వచ్చాయి. ఆ పాస్టరు పేరు మార్చకపోయుంటే మనకి ఇవేవీ తెలిసేవి కావు.

ఇంకాస్త పైకి వెళితే ఆర్టన్ గిల్ వంతెన, దాని కింద ఒకప్పుడు ఆ నల్లరాయిని కోసి నునుపు పెట్టే మిల్లు ఉండేది. 1835లో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ అనే కుర్ర లాయరు ఈ వైపు చేపలు పట్టుకోవడానికొచ్చి, నీటి చక్రం తిరగడం చూస్తూ, ఇంత నీటి బలంలో ఎంత కొంచెమే వాడుకుంటోందీ చక్రం అనుకున్నాడట. ఆ ఆలోచనే పెరిగి పెరిగి నీటి ఒత్తిడితో నడిచే క్రేన్లయింది, లండన్ టవర్ బ్రిడ్జిని ఎత్తే యంత్రాలయింది. ఫిరంగులు కూడా చేశాడు, అది వేరే కథ. మొన్న అమ్మ టవర్ బ్రిడ్జి ముందు ఫోటో దిగింది కాబట్టి ఇది మాత్రం శ్రద్ధగా విని "అయితే అదీ ఇదీ చుట్టాలే" అంది.

స్టేషన్‌లో రైలుకి ఇంకా అరగంట ఉంది. ఈ స్టేషన్ 1877లో తెరిచారు, 1970లో మూసేశారు, 1986లో మళ్లీ తెరిచారు. 1980ల్లో లైను మొత్తం మూసేద్దామనుకున్నారు, ఆ పెద్ద వంతెన బాగు చేయడానికి డబ్బులెక్కడివని. వద్దంటూ ఇరవై రెండు వేల మందికి పైగా రాసిచ్చారు, అందులో ఒకటి రస్సప్ అనే కుక్క పంజా ముద్ర, టికెట్ కొని ఎక్కే ప్రయాణికుడే కాబట్టి దాని అభ్యంతరమూ చెల్లుతుందన్నారు. 1989లో లైను దక్కింది. ఆ మరుసటి ఏడు దాని యజమాని వేల్స్ కొండల్లో నడకకి వెళ్లి చనిపోతే, పదకొండు వారాల తర్వాత మనిషి దొరికేదాకా, ఎముకల గూడైపోయి పక్కనే కాపలా ఉంది ఆ కుక్క. తర్వాతి స్టేషన్ గార్స్‌డేల్‌లో దాని కంచు విగ్రహం ఉంది. మేం వెళ్లేది అటు కాదు, ఇటు. వచ్చేసారి అనుకున్నాం.

రైలొచ్చింది. సీటు దొరికింది, డబ్బా ఖాళీ, పత్తి కవరూ ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్న నేను సామాను సర్దుతుంటే అమ్మ ఆ ఇంట్లో బల్ల మీద పెట్టిన పుస్తకంలో, వచ్చినవాళ్లు నాలుగు ముక్కలు రాసిపోయే పుస్తకంలో, తెలుగులో ఏదో చాలాసేపు రాసింది. సొరంగంలో దూరాం, మాట వినపడక కాస్త గట్టిగా అడిగాను, ఏం రాశావమ్మా అని.

"ఉన్నదే రాశాను. ఇల్లు శుభ్రంగా ఉన్నది. నీళ్లు బాగున్నాయి. అరుగు లేదు."